సత్య ట్యూనింగ్

“ఆ సెట్టింగులన్నీ పెట్టింది మా సత్యకుమారేనండీ. డబ్బా మీద ఆవిడ పేరు కూడా ఉంది, చూసుకోండి. ఆవిడ చేసినదానికి నన్నేం చెయ్యమంటారు?”

ముందుగదిలో షాపు యజమాని ఉదయ్‌భాస్కర్ ఫోనులో అంటున్న మాటలు వెనకగదిలోకి స్పష్టంగా వినిపించాయి. బల్ల మీద మదర్‌బోర్డు పెట్టుకుని పని చేసుకుంటున్న సత్యకుమారి చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది. ఆ మనిషి ఇంకా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. “ముందు మీ స్టూడెంట్లు గేములేమన్నా ఆడేస్తున్నారేమో కనుక్కోండి మేడమ్. ఎండాకాలం కదా, కాస్త చూసి వాడుకోవాలి మరి” అని ఫోను పెట్టేశాడు.

సత్యకుమారి లేచి ముందుగదిలోకి వెళ్ళింది.

“ఎవరండీ ఫోనులో?”

“మండపేట పావనిగారు. యానిమేషన్ సెంటరు పెట్టారే, ఆవిడ. సిస్టమ్‌లు ఆగిపోతున్నాయని గోల. ఏం లేదులే.”

“నేను పెట్టిన సెట్టింగులంటున్నారేంటి సార్? మండపేట సిస్టమ్‌లు నేను ముట్టుకోనైనా లేదు కదండీ.”

“నువ్వు కాకపోతే ఎవరు? షోకేసులో ఉన్నదానికి చేసింది నువ్వే కదా. అదే పెన్‌డ్రైవులోకి ఎక్కించి అన్నిటికీ వేయించాను. ఒక్కోదాని ముందూ నిన్ను కూర్చోబెట్టి చేయిస్తే ఎప్పటికవుద్ది?”

సత్యకుమారి స్క్రూడ్రైవరు కౌంటరు మీద పెట్టింది.

రాజమండ్రి దేవీచౌక్ దగ్గరున్న ఆ షాపులో ఆమె చేరి కొన్నేళ్ళయింది. నిడదవోలులో డిగ్రీ చదివి, రోజూ పొద్దున్నే పాసింజరెక్కి గోదావరి దాటి వస్తుంది. కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం ఆమె పని. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో పరిగెత్తించడం, అంటే ఓవర్‌క్లాకింగ్, మాత్రం ఆమె సరదా. కిందటి కార్తీకమాసంలో ఉదయ్‌భాస్కర్, “షోకేసులో పెట్టడానికి ఒకటి నీకు తోచినట్టు చెయ్యి” అన్నప్పుడు ఆమె సంబరపడిపోయింది. ప్రాసెసర్‌ని చల్లబరిచే పెద్ద కూలరు ఎంచుకుంది. గాలి ముందునుంచి లోపలికి వచ్చి వెనకనుంచి పోయేలా ఫ్యాన్లు అమర్చింది. ఆ తర్వాత వారాల తరబడి, వేగం కాస్త పెంచడం, దాని మీద బరువైన పని పెట్టి వేడి ఎంతదాకా పోతుందో చూడటం, ఎక్కడైనా తడబడితే మళ్ళీ వెనక్కి తగ్గడం. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ పెంచితే వేడి పెరుగుతుంది. ఆ వేడి ఎనభై డిగ్రీలు దాటకుండా, వేగం పోకుండా, రెంటికీ ఎక్కడ పొత్తు కుదురుతుందో కనిపెట్టడమే అందులోని పనితనం. చివరికి కుదిరిన రోజున ఆమె మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పడం కూడా మర్చిపోయింది.

ఆ తర్వాత ఉదయ్‌భాస్కర్ ‘సత్య ట్యూనింగ్’ అని ఎర్రటి స్టిక్కర్లు అచ్చు వేయించాడు. ఆమె మురిసిపోయింది. షోకేసులో ఉన్న ఆ ఒక్కదానికే అనుకుంది. స్టిక్కర్లు అన్నేసి ఎందుకని అడగాలనిపించలేదు.

“సార్, అది ఆ ఒక్క చిప్‌కి కుదిరిన లెక్కండీ. ఇంకోదానికి పడదు.”

“అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడలు. పడకపోవడమేంటి?”

“ఒకే మడిలో ఊడ్చిన చేనంతా ఒకేలా దుబ్బు కడుతుందా అండీ? ఒక చిప్ తక్కువ వోల్టేజీతో పరిగెడుతుంది, ఇంకోటి పరిగెత్తదు. పైగా ఇది ఏసీ గదిలో, పెద్ద కూలరుతో చేసింది. వాళ్ళకి ఏ కూలరు ఇచ్చారు?”

ఉదయ్‌భాస్కర్ ఫోనులోకి చూసుకుంటూ, “మామూలుదే. రేటు కుదరాలి కదా” అన్నాడు. “అయినా నీ పేరు ఊళ్ళకి ఊళ్ళు తిరుగుతుంటే సంతోషించక, ఈ గొడవేంటి సత్యా?”

“మాట పడాల్సి వచ్చినప్పుడేగా సార్ నా పేరు బయటికొచ్చింది. అమ్మేటప్పుడు ఒక్కరోజన్నా పిలిచి ఇదిగో ఈవిడే అన్నారా?”

“వెళ్ళి పని చూసుకో” అన్నాడు అతను.

మర్నాడు ఆమె పనికి వెళ్ళలేదు. రాజమండ్రిలో రైలు దిగి నేరుగా బస్‌స్టాండుకి పోయి మండపేట బస్సెక్కింది. సంచిలో ప్రాసెసర్‌కీ కూలరుకీ మధ్య రాసే పేస్టు ట్యూబు, బ్రష్షు, చిన్న బ్లోయరు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. ద్వారపూడి దాటేదాకా ఆమె లోపల్లోపల ఉదయ్‌భాస్కర్‌తో దెబ్బలాడుతూనే ఉంది. వెనక సీటావిడ రెండుసార్లు వింతగా చూస్తే గాని తను పెదాలు కదుపుతున్నట్టు తెలియలేదు.

పావని సెంటరు ఒక రైసుమిల్లు వెనక సందులో మేడ మీద ఉంది. పైన సిమెంటు రేకులు. మెట్లెక్కుతుంటేనే రేకుల వేడి మొహానికి కొట్టింది. పావని ముప్పై అయిదేళ్ళ మనిషి. చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు హైదరాబాదు పోయి నేర్చుకోలేరని, తనే అక్కడ నేర్చుకుని వచ్చి ఇక్కడ సెంటరు పెట్టింది.

“ఎవరండీ?”

“రాజమండ్రి షాపునుంచి వచ్చానండి. సత్యకుమారిని.”

పావని మొహం మారిపోయింది. “ఓహో, మీరేనా! రండి, చూడండి మీ ట్యూనింగు. డబ్బా మీద పేరేసుకునే ముందు అది పనిచేస్తుందో లేదో చూసుకోవద్దా అండీ? నిన్న మీ సార్ని అడిగితే ఆవిడనడగండి అన్నారు. అడుగుతున్నాను. చెప్పండి.”

“అవి నేను చెయ్యలేదండి.”

“ఇది మీ పేరు కాదా?” పావని దగ్గర్లో ఉన్న కంప్యూటరు మీది ఎర్ర స్టిక్కరు మీద గోటితో టకటకా కొట్టింది. “ఆయన్నడిగితే మీరంటారు, మిమ్మల్నడిగితే నేను కాదంటారు. మధ్యలో మేమేం కావాలి?”

సత్యకుమారికి వెనక్కి తిరిగి మెట్లు దిగిపోదామన్నంత కోపం వచ్చింది. కానీ పావని అడిగినదాంట్లో తప్పేముంది? ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళింది.

“నన్ను తర్వాత తిడుదురుగాని. ముందొకటి విప్పి చూడనివ్వండి.”

పావని పక్కకి జరిగింది.

సత్యకుమారి ముందు ఒకదాన్ని ఆన్ చేసి, వేడి చూపించే ప్రోగ్రామ్ తెరిచింది. ఏ పనీ లేకుండానే డెబ్భై డిగ్రీలు. స్టూడెంట్లు చేసుకున్న ఒక చిన్న బొమ్మల వీడియోని, తుదిరూపానికి తెచ్చే రెండరింగ్‌కి పెట్టగానే అంకె పరిగెత్తుకుంటూ పోయి వంద దగ్గర నిలబడింది. పక్కనే వేగం చూపించే అంకె మాత్రం పడిపోతూ వచ్చింది.

“చూశారా, అంత వేడికి ప్రాసెసర్ తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుందండి. తగ్గించినా వేడి ఆగకపోతే మొత్తం ఆపేసుకుంటుంది. మీరు కొన్నది ఎక్కువ వేగం. మీకు పనిచేస్తున్నది మామూలు కంప్యూటరు కన్నా నెమ్మది.”

“మాఘమాసంలో తెచ్చినప్పుడు బానే పనిచేశాయి.”

“అప్పుడు చల్లదనం కదండి. మే నెలలో ఈ రేకుల కింద ఎలా ఉంటుందో అమ్మినవాళ్ళు ఆలోచించాలి.”

మూత విప్పింది. కూలరు రెక్కల మధ్య మిల్లు తౌడు దుమ్ము కంబళీ ముక్కలా పేరుకుపోయి ఉంది. బాల్కనీలోకి తీసుకెళ్ళి దులిపింది. తర్వాత ఇంకోటి విప్పింది. మూలనున్నదాన్ని విప్పబోతుంటే పావని, “అది మొదటిరోజు నుంచీ అంతేనండి. దాన్ని రాణి ఒక్కత్తే ఓపిగ్గా వాడుతుంది” అంది.

ఆ కూలరుని ప్రాసెసర్ మీదినుంచి ఎత్తి సత్యకుమారి తిరగేసి చూసింది. కూలరు అడుగున కంపెనీవాళ్ళు అంటించే పలచటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. బిగించేముందు దాన్ని పీకి పారెయ్యాలని పని నేర్చుకున్న మొదటివారంలోనే చెబుతారు. వేడికి అది ముడతలు పడి, పసుపురంగుకి తిరిగి, లోహానికి కరుచుకుపోయింది.

“ఏంటది?” అంది పావని.

“వేడిని కూలరులోకి పోనివ్వకుండా అడ్డుపడే ప్లాస్టిక్కు. తియ్యలేదు. తియ్యకుండానే బిగించి, పైన నా పేరు అంటించారు!” ఆమె ఆ కూలరుని పావనికి చూపించింది. “ఇంత చేసి పిల్లలు గేములు ఆడుతున్నారేమో చూసుకోమన్నాడండీ! నా చెవులతో నేను విన్నాను!”

గోడవారగా నిలబడి చూస్తున్న స్టూడెంట్లలోంచి సన్నగా ఉన్న ఒకమ్మాయి ముందుకి వచ్చింది. ఆమే రాణి. సత్యకుమారి గోటితో ఒలిచిన ఆ ప్లాస్టిక్ పొరని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పట్టి చూసింది.

“హైదరాబాదులో ఒక స్టూడియోకి నా వర్కు పంపాల్సి ఉందండీ, ఉద్యోగానికి” అంది మెల్లిగా. “రెండరింగ్ సగంలో ఆగిపోయేది. మళ్ళీ పెడితే మళ్ళీ ఆగిపోయేది. చివరిసారి ఫైలే పాడైపోయింది. గడువు దాటిపోయింది. నాదే తప్పనుకున్నానండి. నాకు సరిగ్గా రాక ఫైలు మరీ బరువుగా చేశాననుకున్నాను. మా నాన్నకి కూడా అలాగే చెప్పాను, నాకు ఈ పని రావడం లేదని.”

పావని తల పక్కకి తిప్పుకుంది.

పొద్దుటినుంచీ సత్యకుమారి కోపమంతా తన పేరు కోసమే. ఇప్పుడు ఆ పేరు సంగతే ఆమెకి గుర్తు లేదు. ఒక ఆడపిల్ల తనకి పని రాదని తనే నమ్మి, ఇంటికి పోయి తండ్రితో చెప్పుకుంది. ఉదయ్‌భాస్కరేమో ఏసీలో కూర్చుని నవ్వుతూ ఫోను పెట్టేశాడు.

“నీకు పని బాగా వచ్చమ్మా” అంది. “పని రానివాళ్ళు దీన్ని బిగించినవాళ్ళు. ఈ మాట మీ నాన్నగారితో నేను చెబుతాను, కావాలంటే.”

ఇక ఆమె కూర్చోలేదు. ఒక్కొక్కటీ విప్పి, దుమ్ము దులిపి, పాత పేస్టు తుడిచి కొత్తది రాసింది. పెన్‌డ్రైవుతో ఎక్కించిన సెట్టింగులన్నీ తీసేసి కంపెనీ వేగానికి తెచ్చింది. వోల్టేజీ ఒక్కోదానికి ఎంతవరకు తగ్గుతుందో విడివిడిగా చూసి అక్కడ ఆపింది. కేబినెట్లని గోడనుంచి ముందుకి జరిపించింది. ఎయిర్ కూలరు తేమ వాటి మీదికి కొట్టకుండా తిప్పించింది. ఎండ పడని వైపు కిటికీకి అడ్డం పెట్టిన అట్టలు తీయించింది. మధ్యాహ్నం పావని అన్నం పెట్టింది. “పొద్దున్న అన్న మాటలు మనసులో పెట్టుకోకండి” అని కూర ఇంకాస్త వేసింది. “మీరు అడగాల్సిందే అడిగారండి” అంది సత్యకుమారి.

సాయంత్రానికి ఒక్కటి తప్ప అన్నీ డెబ్భై అయిదు డిగ్రీల దగ్గర నిలబడి పనిచేశాయి. ఆ ఒక్కదాని మదర్‌బోర్డు అప్పటికే పోయింది.

బయల్దేరేముందు ఆమె ఫోను తీసింది. షాపు కస్టమర్లందరికీ ఆఫర్లు పంపడానికి ఉదయ్‌భాస్కర్ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. అందులో ఆమె కూడా ఉంది. ముందుగా ప్లాస్టిక్ పొర ఫొటో పెట్టింది. తర్వాత గొంతు రికార్డు చేసింది.

“నేను సత్యకుమారినండి. ‘సత్య ట్యూనింగ్’ అని స్టిక్కరున్న కంప్యూటరు మీ దగ్గరుంటే, దాన్ని నేను చూడలేదు. నా పేరు నన్నడక్కుండా వాడారు. అందులో పెట్టిన సెట్టింగులు దానికి సరిపడవు, ఎండలకి పాడైపోవచ్చు. మీ సిస్టమ్ ఆగిపోతుంటే అది మీ తప్పు కాదు. మీ పిల్లల తప్పు అసలే కాదు. దయచేసి షాపుకి తెచ్చి చూపించుకోండి.”

పంపేముందు పావని ఆమె చెయ్యి పట్టుకుంది. “ఉద్యోగం పోతుందేమోనండీ.”

“పోనివ్వండి” అని పంపేసింది.

బస్సు ఎక్కేలోగానే ఉదయ్‌భాస్కర్ ఆమెని గ్రూపులోంచి తీసేశాడు. కానీ ఆ గొంతు అప్పటికే చాలామంది విన్నారు. రాత్రంతా తెలియని నంబర్లనుంచి ఆమెకి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

మర్నాడు ఆమె షాపుకి వెళ్ళేసరికి ఉదయ్‌భాస్కర్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపల కుర్చీలో అతని తండ్రి కాశీవిశ్వనాథం గారు కూర్చుని ఉన్నారు. అదే చోట ఒకప్పుడు ఆయన రేడియోలు, ఫ్యాన్లు అమ్మారు. ఇప్పుడు పేపరు చదువుకోవడానికి వస్తుంటారు. కౌంటరు దగ్గర ఇద్దరు కస్టమర్లున్నారు.

“లోపలికి రాకు” అన్నాడు ఉదయ్‌భాస్కర్. “తిన్నింటికి ద్రోహం చేస్తావా? నీకు పని నేర్పిందెవరు? పేరు తెచ్చిందెవరు?”

“పని నేనే నేర్చుకున్నాను. మీరు తెచ్చిన పేరుకి నిన్న మండపేటలో తిట్లు తినొచ్చాను. మీకోసం కూడా కలిపి తిన్నాను సార్.”

“ఎండకి కంప్యూటర్లు వేడెక్కవా? లోకంలో ఎవరికీ వేడెక్కడం లేదా?”

“వేడెక్కుతాయి. అందుకే కదండీ ఇంత కష్టపడి చూసుకుని చేసేది! మీరు చూడకుండా చేశారు. చేసి, ఆ పిల్లల మీదికి తోశారు. అక్కడొక అమ్మాయికి రావాల్సిన ఉద్యోగం పోయింది. ఆ అమ్మాయి తప్పు తనదేనని ఇంట్లో చెప్పుకుంది. మీకేం అనిపించడం లేదా?”

కస్టమర్లిద్దరూ అలాగే నిలబడి వింటున్నారు. కాశీవిశ్వనాథం గారు పేపరు మడిచారు.

“అమ్మాయ్, నువ్వన్నది నిజమే అవ్వొచ్చు. కానీ ఇలా వీధిలో పెట్టకుండా ముందు నాతో చెప్పుండాల్సింది. ఇన్నేళ్ళ షాపమ్మా ఇది.”

సత్యకుమారికి ఆయనంటే గౌరవం. ఏనాడూ ఆయన ముందు గొంతు పెంచలేదు. ఇప్పుడు మాత్రం ఆగలేకపోయింది.

“మీ అబ్బాయిగారు నా పేరు వీధిలో పెట్టేముందు నాతో చెప్పారా బాబాయిగారూ? నా పేరుకి మాత్రం ఏళ్ళు లేవా?”

“ఆ ఫొటోలోది ఏదమ్మా?” అని ఆయన చెయ్యి చాపారు. ఆమె ఆ ప్లాస్టిక్ పొర తీసి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, “ఇది తియ్యకుండా బిగించింది ఎవరురా?” అన్నారు.

“కుర్రాళ్ళెవరో బిగించుంటారు నాన్నా. తొందరలో…”

“పంపేముందు చూడాల్సింది ఎవరు?”

ఉదయ్‌భాస్కర్ మొహం ఎర్రబడింది. “అయితే షాపు ఆవిడకే రాసిచ్చెయ్యండి” అని విసురుగా బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

కాశీవిశ్వనాథం గారు ఆమెని లోపలికి రమ్మని, ఫోను అందుకున్నారు. కొన్నవాళ్ళందరికీ ఆయనే స్వయంగా చేశారు. తెచ్చి ఇస్తే ఊరికే సరిచేసి, కూలరు మార్చి ఇస్తామని, పాడైపోయినవాటికి బదులిస్తామని చెప్పారు. ఎవరో అవతల గట్టిగా తిడుతుంటే వింటూ కూర్చున్నారు. పావనికి చేసినప్పుడు మాత్రం సత్యకుమారి చెప్పిన రాణి అనే అమ్మాయిని పిలవమని, “తప్పు మా వైపునుంచి జరిగిందమ్మా” అన్నారు. ఆ అమ్మాయి ఏమందో సత్యకుమారికి వినిపించలేదు. పావని అడిగితే స్టూడియోవాళ్ళు మళ్ళీ ఖాళీలు వచ్చినప్పుడు చూద్దామన్నారట. అంతకుమించి ఎవరివల్లా కాలేదు.

వారం తిరిగేసరికి కంప్యూటర్లు రావడం మొదలైంది. కొందరు స్కూటరు ముందు పెట్టుకుని, కొందరు దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చారు. ధవళేశ్వరంనుంచి ఒకాయన కేబినెట్ భుజాన వేసుకుని వచ్చి, “మీ పేరు చూసి కొన్నానమ్మా, ఏం మనుషులు మీరు!” అన్నాడు. ఆమె మొదట్లో వివరంగా చెప్పబోయింది. తర్వాత చెప్పడం మానేసి, మూత విప్పి చూపించడం మొదలుపెట్టింది. ఉదయ్‌భాస్కర్ మూడోరోజు నుంచి వచ్చి కౌంటరు దగ్గర కూర్చున్నాడు. వచ్చినవాళ్ళని చేత్తో వెనకగది వైపు చూపించేవాడు. ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం కాశీవిశ్వనాథం గారు వెనకగదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“అంతా సర్దుకుంటోంది కదమ్మా. ఇక కోపం వదిలెయ్యి. నువ్వు ఉంటే షాపుకి మంచిది. ఈసారి నిన్నడిగే ఏదైనా చేస్తాం.”

“ఇవన్నీ అయ్యేదాకా వస్తానండి. తర్వాత రాను.”

“ఇంకా కోపమేనా?”

“కోపమేనండి” అందామె, చేతిలో పేస్టు ట్యూబు మూత బిగిస్తూ. “ఆయన ఆ పిల్లకి ఫోను చెయ్యలేదు. మీరు చేశారు.”

పెద్దాయన తలూపి లేచారు. గుమ్మంలో ఆయనకి ఎదురుగా, చెమటతో తడిసిపోయిన ఒకావిడ కేబినెట్‌ని రెండు చేతులా పొదివి పట్టుకుని లోపలికి వస్తోంది. ఆయన పక్కకి తప్పుకుని దారిచ్చారు.

“సత్యకుమారంటే మీరేనా అండీ?”

“నేనేనండి. బల్ల మీద పెట్టి కూర్చోండి, మంచినీళ్ళు తాగండి” అని ఆమె స్క్రూడ్రైవరు అందుకుంది. “ముందు ఇది చెప్పండి. దీన్ని ఏ గదిలో పెట్టారు, అక్కడ కిటికీ ఏ వైపుంది?”